అయోమయానికి వ్యతిరేక పదం ఎలా ఎంచుకోవాలి?

'అయోమయం × స్పష్టత' అని రాస్తే పరీక్షలో మార్కు వస్తుంది. అర్జీ రాసేటప్పుడో, ఊరి వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టేటప్పుడో మాత్రం ఆ ఒక్క మాటతో పని జరగదు.

ముందు, తికమక ఎక్కడ ఉందో చూడండి. విషయంలోనా, మనిషిలోనా? 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. అప్పుడు దరఖాస్తు నింపే మనిషికి ఏ జిల్లా పేరు రాయాలో తెలియలేదనుకుందాం. ఆయన బుర్ర బాగానే ఉంది, సమాచారమే సరిగా అందలేదు. ఉత్తర్వు చూశాక 'స్పష్టత వచ్చింది' అనడం ఇక్కడ సరిపోతుంది. అదే లెక్క అర్థంకాక కూర్చున్న పిల్లకైతే 'బోధపడింది' అనాలి.

మనిషిలో ఉంటే, అది ఎలాంటి కలత అన్నది తేల్చుకోవడం రెండో పని. నా దృష్టిలో అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. కృష్ణపట్నం ఓడరేవులో తుపాను హెచ్చరిక ఎగరేశారనుకోండి. తీరం ఊళ్లలో జనానికి విషయం తెలుసు, తెలిసినందుకే కంగారు. వాళ్లకి 'స్పష్టంగా ఉండండి' అంటే ఏం ప్రయోజనం? 'గందరగోళపడకండి' అన్నా చెవిలో పడేది గందరగోళమే. 'నిబ్బరంగా ఉండండి. చీకటి పడకముందే బడికి చేరుకోండి, ఆధార్, మందులు వెంట తెచ్చుకోండి' అని రాయండి. మనసుకి ఆసరా ఇచ్చే మాట ముందు, చేయాల్సిన పని ఆ వెంటనే రావాలి. గాలివాన వెలిసి అందరూ ఇళ్లకి చేరాక 'నిమ్మళించారు', 'కుదుటపడ్డారు', 'తేరుకున్నారు' అనే మాటలు వాడుకోవచ్చు. నిబ్బరం ఆపద నడుస్తున్నప్పటి మాట, నిమ్మళం అది దాటాక వచ్చేది.

ఊగిసలాట ఇంకో రకం. వేలం కేంద్రంలో పొగాకు రైతుకి ధర తెలుసు, అప్పు ఎంతుందో తెలుసు. బేళ్లు ఇచ్చేయాలా, వెనక్కి తీసుకెళ్లాలా అన్నదే తేలలేదు. ఆయన విషయంలో 'నిశ్చయించుకున్నాడు' లేదా 'తేల్చుకున్నాడు' అని రాయాలి.

జబ్బు సంగతి చెప్పేటప్పుడు ఒక్క అక్షరం కూడా ముఖ్యమే. జ్వరంతో పలవరించి తేరుకున్న తాతయ్య గురించి డాక్టరుకి ఫోన్‌లో 'తెలివిగా ఉన్నాడు' అనకండి. 'తెలివిలో ఉన్నాడు, మమ్మల్ని గుర్తుపడుతున్నాడు' అంటే డాక్టరుకి కావాల్సింది అందుతుంది.

ఇక మూడోది, వీలైనచోట నామవాచకం బదులు క్రియ వాడండి. 'అవగాహన కలగడం జరిగింది' కంటే 'అర్థమైంది' ఎంతో హాయిగా ఉంటుంది. 'తేటపడింది' కూడా మంచి మాట. పెన్నలో వరద నీటిని బిందెలో పట్టి కదపకుండా ఉంచితే మన్ను అడుగుకి చేరి పైన తేట మిగులుతుంది. మాట పుట్టింది అలాంటి నీళ్ల నుంచే కాబట్టి, నెమ్మదిగా, కాస్త సమయం తీసుకుని అర్థమైన సంగతికి దాన్ని వాడితే బాగుంటుంది. ఒక్కసారిగా బయటపడ్డ నిజానికి 'తేటతెల్లమైంది' ఉంది.

'అసందిగ్ధంగా' అన్న మాటని మామూలు అర్జీల్లో నేనైతే వాడను. తొందరలో చదివేవాళ్ల కళ్లకి ముందున్న 'అ' ఆనకపోతే అర్థం తలకిందులవుతుంది. 'సందేహం లేకుండా' అని విడదీసి రాస్తే ఆ ప్రమాదం ఉండదు.

చివరిగా, మీరు ఎంచుకున్న మాట తీసేసి ఆ చోట 'గందరగోళం లేకుండా' అని పెట్టి పైకి చదవండి. వాక్యం ఏమీ కోల్పోలేదనిపిస్తే ఆ మాట ఇంకా సరైనది కాదు. తికమక విషయంలో ఉందా, మనిషిలో ఉందా అన్న దగ్గర నుంచి మళ్లీ చూసుకోండి.