ప్రసూతి సెలవు ముగిసి డ్యూటీలో చేరే ముందు జాగ్రత్తలు

రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కచెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

చేరడానికి పది రోజుల ముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. కాగితం ఇస్తే, మీ కాపీ మీద తేదీతో సంతకం వేయించుకోండి.

అపాయింట్‌మెంట్ లెటర్, సెలవు మంజూరు కాగితం, సెలవుకు ముందరి పే స్లిప్పులు, డిశ్చార్జి సమ్మరీ ఒకే కవర్లో ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. నేను చేరిన రోజు మూడు కాగితాలు ముందు పెట్టి "ఫార్మాలిటీ అమ్మా" అన్నారు. రెండోది రాజీనామా, మూడోది కొత్త నియామకం! పెట్టుంటే నా నాలుగేళ్ల సర్వీసు పోయేది, గ్రాట్యుటీకి (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) కావలసిన ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. చేతులు వణుకుతున్నా "ఇంటికెళ్లి చదివి ఇస్తాను సార్" అన్నాను. మళ్లీ అడగలేదు.

సెలవులో ఉన్నారని ఉద్యోగం తీసేయడం, మీకు నష్టం కలిగేలా షరతులు మార్చడం చట్టవిరుద్ధం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. అది దొరకాలంటే, డాక్టరు చెప్పిన ప్రసవం తేదీకి ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి.

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు మీ హక్కు. మొహమాటపడకండి. 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, చేరకముందే అడిగి చూసుకోండి.

గేటు దగ్గరే ఆపేస్తే? గొడవపడకండి. వచ్చిన టైముతో అక్కడి నుంచే మెయిల్ పెట్టి, తిరుపతిలోని కార్మిక శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.