ఉక్రెయిన్ కూపన్లు, తాత్కాలిక నోట్లు సేకరించడం ఎలా?

సోవియట్ యూనియన్ విడిపోయాక చాలా కొత్త దేశాలకు వెంటనే సొంత డబ్బు లేదు. అసలు కరెన్సీ వచ్చేదాకా కూపన్లతో నెట్టుకొచ్చాయి. లిథువేనియా, జార్జియా, మాల్డోవా అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. ముందు ఉక్రెయిన్ ఒక్కటే పట్టుకోండి. మామూలు నోట్లు చవకగానే దొరుకుతాయి.

మొదట కొనాల్సింది కూపన్ షీటు. 1990-91లో అక్కడ జీతంతో పాటు వీటిని ఇచ్చేవారు. మధ్యలో పేరుకూ, ఆఫీసు ముద్రకూ చోటు, చుట్టూ విలువలు వేసిన చిన్న చిన్న ముక్కలు. షాపులో రూబుళ్లు ఇస్తే చాలదు, వాటితో పాటు ఈ ముక్కలూ కత్తిరించి ఇవ్వాలి. మన రేషన్ కూపన్ లాంటిదే అనుకోండి. విడి ముక్కల జోలికి పోకండి, మధ్య భాగం ఉన్న షీటే కొనండి. కొత్తగా మెరిసేదానికన్నా ముద్రపడి, ఓ పక్క నాలుగు ముక్కలు పోయినదే నాకిష్టం. ఎవరో దాంతో సరుకులు తెచ్చుకున్నారు కదా!

తర్వాత 1992 జనవరి 10న చెలామణిలోకి వచ్చిన కార్బోవానెట్స్ నోట్లు, అంటే అసలు కరెన్సీ వచ్చేదాకా ఉక్రెయిన్ వాడిన తాత్కాలిక డబ్బు. వాటి మీద 1991 అని ఉంటుంది, కంగారు పడొద్దు. ముందువైపు కీవ్‌ను కట్టిన అన్నదమ్ముల చెల్లెలని చెప్పుకునే లిబిద్ బొమ్మ, వెనక సెయింట్ సోఫియా కెథడ్రల్. ఈ తొలి చిన్న నోట్లకు సీరియల్ నంబరు ఉండదు. అంతమాత్రాన నకిలీ అనుకోకండి, వెలుతురుకు ఎత్తి వాటర్‌మార్క్ చూడండి.

ఆ పక్కన 1995 నాటి పది లక్షల కార్బోవానెట్సుల నోటు పెట్టండి. ధరలు ఎంత పెరిగాయో వేరే చెప్పక్కర్లేదు. 1996 సెప్టెంబరులో ఉక్రెయిన్ అసలు కరెన్సీ హ్రీవ్న వచ్చింది, లక్ష కార్బోవానెట్సులకు ఒక హ్రీవ్న ఇచ్చారు, అంటే ఆ నోటుకు వచ్చింది పదే. 1992 తేదీ ఉన్న హ్రీవ్న నోటు కూడా ఒకటి తీసుకోండి. కెనడాలో ముందే అచ్చేయించి నాలుగేళ్లు దాచినవి అవి.

మాల్డోవా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతపు నోట్లతో మాత్రం జాగ్రత్త. 1994లో పాత సోవియట్ నోట్ల మీద రష్యా సేనాపతి సువోరోవ్ బొమ్మ స్టాంపు అంటించి వాడారు. స్టాంపు ఎవరైనా అంటించగలరు, కొత్తలో వదిలేయడమే మేలు.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్‌వి వాడండి. సెలోటేపు, ఇస్త్రీ అసలే వద్దు. నేను ఒక షీటును ముచ్చటపడి ల్యామినేషన్ చేయించాను, ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్టు వేయండి.

అక్షరాలు అర్థం కాకపోతే ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదివొచ్చిన మనవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ముద్రలో ఊరి పేరు ఉంటే చదివించుకుని, షీటుతో పాటు ఒక చీటీ మీద రాసిపెట్టండి.