ఎండలు ముదరకముందే కయాక్ యజమానులకు కొన్ని జాగ్రత్తలు

రెండు రోజులు కారు మీదే ఉండిపోయిన ఒక ప్లాస్టిక్ కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఈ మధ్య చూశాను. ఎక్కడా గుద్దుకోలేదు, కింద పడలేదు. అయినా క్యారియర్ రాడ్ల మీద ఆనిన రెండుచోట్లా అడుగు లోపలికి సొట్టపోయింది. ఎగిరిపోతుందేమోనని భయపడి గట్టిగా బిగించారట.

రాళ్ల మీద ఈడ్వొద్దు, వాడాక కడగండి లాంటివి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. నేను చూసినంతలో కయాక్‌లను ఎక్కువగా పాడుచేసేది రాళ్లు కాదు, బిగించిన స్ట్రాపును ఎండలో అలాగే వదిలేయడం. ప్లాస్టిక్ కయాక్‌లను తయారుచేసే పాలిథిలిన్ వేడికి మెత్తబడుతుంది. ఆ సమయంలో ఏ ఒత్తిడి మీద ఉంటే, చల్లారాక చాలావరకు ఆ ఆకారంలోనే ఉండిపోతుంది.

తీసుకెళ్లేటప్పుడు

రాట్చెట్ స్ట్రాపు వాడొద్దు. దాని పిడి మన బలాన్ని ఎన్నో రెట్లు చేస్తుంది, ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు. చేత్తో లాగి బిగించే క్యామ్ బకిల్ స్ట్రాపు చాలు. కయాక్‌ను పట్టుకుని ఊపండి. దాంతోపాటు కారు కూడా ఊగితే బిగింపు సరిపోయినట్టే, ఇంకొక్క లాగు కూడా వద్దు. ముందు, వెనక కొనలకు కట్టే తాళ్లు పడవ పైకి లేవకుండా, పక్కకు జరగకుండా ఆపడానికే. కిందికి గుంజి కడితే కయాక్ విల్లులా వంగుతుంది.

బోర్లా గానీ, పక్కకు ఒరిగించి గానీ పెట్టండి. చదునైన అడుగు కంటే అంచులు గట్టివి. ఫైబర్‌గ్లాస్ అయితే సొట్టపడదు, పైపూత పగులుతుంది. అది ఎండలో పెడితే సర్దుకునే రకం కాదు.

ఇంట్లో ఉంచేటప్పుడు

మొత్తం పొడవులో కొనల నుంచి సుమారు నాలుగో వంతు దూరంలో రెండు వెడల్పాటి ఆధారాలు ఉండాలి. పట్టీల మీద వేలాడదీయొచ్చు. కొనల్లోని హ్యాండిళ్లకు మాత్రం వేలాడదీయొద్దు, నెలల తరబడి అలా ఉంటే నడుము కుంగుతుంది.

మిగతావి వరుసగా చెబుతాను. హ్యాచ్ (సామాన్లు పెట్టుకునే అర) మూతలు కొద్దిగా తెరిచి ఉంచండి, మూసేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి అరల మధ్య అడ్డుగోడల అతుకులు వదులవుతాయి. లోపల నీళ్లు నిలవనివ్వొద్దు. కొనల మీద నిలబెట్టొద్దు. పైన సామాన్లు పెట్టొద్దు. గాలి నింపే కయాక్ అయితే ఎండలో వదిలే ముందు కొంత గాలి తీసేయండి. టార్పాలిన్‌ను కయాక్‌కు అంటుకునేలా చుట్టొద్దు, తేమా వేడీ లోపలే ఉండిపోతాయి. నీడ లేకుండా నెలలు ఉంచొద్దు, అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ప్లాస్టిక్ కయాక్ సొట్టపడితే మంట చూపించొద్దు. స్ట్రాపులు తీసి, బరువేమీ లేకుండా సొట్ట ఉన్న వైపు కొన్ని గంటలు ఎండకు పెట్టండి. కొంతవరకు దానంతటదే పైకి వస్తుంది. రాకపోతే వేడినీళ్లు పోసి లోపలి నుంచి మెల్లగా నొక్కండి.

బయల్దేరిన కాసేపటికి బండి ఆపి స్ట్రాపులు చూడండి. చేరగానే విప్పండి. భోజనం అయ్యాక కాదు, చేరగానే! రాత్రికి కారు మీదే వదలక తప్పకపోతే స్ట్రాపు సడలించండి, పూర్తిగా తీసేయొద్దు, గాలి వస్తుంది. సడలించిన స్ట్రాపుతో మాత్రం బండి అంగుళం కూడా కదలకూడదు. మర్చిపోతారనిపిస్తే స్టీరింగ్‌కి ఒక గుడ్డముక్క కట్టుకోండి.