ఎత్తు ఎక్కితే టిక్కు టిక్కు: నా అనుభవం

చాలా ఏళ్లు హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని సైకిల్) తొక్కాక, పోయినేడు ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ట్రెయిల్ సైకిల్ కొన్నాను. మా ఇల్లు బెంగళూరులో బనశంకరి వైపు. ఆదివారం తెల్లారేసరికి తురహళ్లి అడవిలో ఉంటాను. అక్కడి రాళ్ల మీద పాత సైకిల్ నడుము విరగ్గొట్టేది. ఇది నేలకు అతుక్కుని పోతుంది.

మూడో నెలలో, ఎత్తు ఎక్కుతూ పెడల్ నొక్కినప్పుడల్లా టిక్కుమని చప్పుడు మొదలైంది. షాపులో బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగ్ భాగం) మార్చారు. డబ్బులు పోయాయి, చప్పుడు పోలేదు.

ఇక నేనే కూర్చున్నాను. సీటు మీంచి లేచి తొక్కినా వస్తోంది, అంటే సీట్‌పోస్ట్ కాదు. పెడల్ ముట్టుకోకుండా, పక్కన నిలబడి సీటును కిందికి నొక్కాను. టిక్కు! అయితే క్రాంక్‌కు (పెడల్ తగిలించే చేతికి) సంబంధమే లేదు. చైన్‌స్టే (వెనక చక్రం వైపు వెళ్లే కింది గొట్టం) దగ్గరి పివట్ బోల్టు, అంటే సస్పెన్షన్ కీలు బోల్టు, వేలితోనే కదిలింది. విప్పితే బేరింగ్ అంచున ఎర్రమట్టి గ్రీజుతో కలిసి గోరింటాకు ముద్దలా ఉంది. తుడిచి, బేరింగ్ నున్నగా తిరుగుతోందని చూసుకుని, ఇరుసుకు పల్చగా గ్రీజు, మరలకు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాశాను. టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్) మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను. దయచేసి చేతి అంచనాతో బిగించకండి, అల్యూమినియం మరలు తేలిగ్గా అరిగిపోతాయి.

పనిలో పనిగా సాగ్ (మన బరువుకు సస్పెన్షన్ ఎంత దిగుతుందో) కూడా చూశాను. 50 మి.మీ. స్ట్రోక్ (మొత్తం కదిలే దూరం) ఉన్న వెనక షాక్, నేను కూర్చుంటే 14 మి.మీ. దాకా దిగాలి, అంటే 28 శాతం. 9 మాత్రమే దిగుతోంది. షాక్‌లోంచి కొంచెం గాలి తీశాను.

ఇప్పుడు నెలకోసారి బోల్టులు చూస్తాను. ప్రెషర్ వాషర్‌ను బేరింగుల దగ్గరికి రానివ్వను. మొన్న ఆదివారం ఆ ఎత్తంతా టైరు కింద గులకరాళ్ల చప్పుడొక్కటే వినిపించింది.