ఎండలు ముదిరేలోపు: జత కుదరని సోలార్ ప్యానెళ్లతో బ్యాటరీ చార్జింగ్‌కు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఈదురుగాలి వాన ఒక్కటి కొడితే చాలు, చెట్టుకొమ్మ లైను మీద పడి కరెంటు పోతుంది. ఆ టెన్షన్‌ పడలేక ఇన్వర్టర్ బ్యాటరీకి డాబా మీద చిన్న చిన్న ప్యానెళ్లు తగిలించుకునేవాళ్లు ఉన్నారు. ఒకటి ఎప్పుడో కొన్న 40 వాట్లది, ఇంకొకటి తర్వాత చవగ్గా దొరికిన 100 వాట్లది. ఇలా వాడుకోవడం తప్పేం కాదు. కానీ వాట్లు చూసి కలపకండి, వోల్టేజీ, ఆంపియర్లు చూసి కలపండి.

ప్యానెల్ వెనక తెల్ల స్టిక్కర్ ఉంటుంది. వీఎంపీ అంటే పని చేసేటప్పటి వోల్టేజీ, ఐఎంపీ అంటే అప్పటి ఆంపియర్లు. 36 సెల్స్ ప్యానెళ్లు ఇంచుమించు అన్నీ 18 వోల్టులే. 100 వాట్లదైతే ఐదున్నర ఆంపియర్లు, 40 వాట్లదైతే 2.2. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్సును ఇంకోదాని మైనస్సుకు కలిపితే చిన్నదాని 2.2 ఆంపియర్లే పెద్దదాంట్లోనూ పారతాయి. జోడెద్దుల్లో ఒకటి మెల్లగా నడిస్తే రెండోది ఎంత గట్టిదైతే ఏం లాభం? చిన్నదానికి బైపాస్ డయోడ్ (కరెంటును పక్కదారి పట్టించే భాగం) ఉంటే చిన్నది పక్కకు తప్పుకుని పెద్దది ఒక్కటే పని చేస్తుంది. ఎలా చూసినా 140 వాట్లలో 40 నుంచి 60 దాకా పోయినట్టే. అవే పారలల్‌లో, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపితే ఆంపియర్లు కూడి ఏడున్నర దాటతాయి.

వోల్టేజీలు దగ్గరగా ఉంటే పారలల్, ఆంపియర్లు దగ్గరగా ఉంటే సిరీస్. రెండూ కుదరకపోతే ఒక్కోదానికి విడిగా కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను అదుపు చేసేది) పెట్టండి, నా మటుకు అదే అన్నిటికంటే మంచి పద్ధతి. 36 వోల్టుల ప్యానెల్‌ని, దాని వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి దించేసే పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి పెడితే సగానికి పైగా వృథా, దానికి ఆ అదనపు వోల్టేజీని ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ కావాలి. పారలల్‌లో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒక్కోదానికి ఫ్యూజు తప్పనిసరి. ఎంత ఫ్యూజో ఆ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది.

ట్రూప్ బజార్‌లోనో రాణిగంజ్‌లోనో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్) కొనేటప్పుడు డీసీది అని గట్టిగా అడగండి. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, అందుకే స్విచ్ తెరుచుకోగానే రవ్వ ఆరిపోతుంది. ప్యానెళ్లు, బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ విరామం లేదు. ఏసీ ఎంసీబీ వేస్తే రవ్వ లోపలే నిలబడి డబ్బా అంటుకోవచ్చు. బ్యాటరీ ప్లస్‌కు దగ్గర్లోనే ఇంకో ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్ వైర్లు నేరుగా బ్యాటరీకే వెళ్లాలి, కంట్రోలర్ లోడ్ టెర్మినల్స్‌కు కాదు.

కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెళ్లు. తీసేటప్పుడు ముందు ప్యానెళ్లు. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌లో కరెంటు ఉన్నట్టే, కాబట్టి మందపాటి దుప్పటి కప్పి పని చేయండి.

ఎండాకాలంలో బ్యాటరీనే ఎక్కువ కాపాడుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులకు చార్జ్ ఆగే బ్యాటరీ, తానే 38 డిగ్రీలు వేడెక్కితే 14.1 దగ్గర ఆగాలి. టెంపరేచర్ సెన్సర్ ఉన్న కంట్రోలర్ ఆ పని చూసుకుంటుంది. సెన్సర్ వైరు మాత్రం బ్యాటరీకే అతికించాలి. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే రవ్వకే పేలుతుంది. మెట్ల కింద మూసిన అరలోనో, దేవుడి దీపం వెలిగే గదిలోనో బ్యాటరీ పెట్టకండి.

బ్యాటరీలో నీళ్లు డిస్టిల్డ్‌వే పోయాలి. మంజీరా నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు, వాటిలో లవణాలుంటాయి. ఫుల్ చార్జ్ అయ్యాక పోయండి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేదాకా ముందే పోసి అప్పుడు చార్జింగ్ పెట్టండి.