గ్రాండ్ నేషనల్ వచ్చేసింది: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్లు పందెం కాసే ముందు

మీరు జనవరిలో ఉద్యోగంలో చేరి ఉంటే, ఏప్రిల్ మొదటి వారాల్లో ఒక రోజు ఆఫీసులో ఎవరో ఒకరు కవరు నిండా చీటీలు పట్టుకుని మీ సీటు దగ్గరికి వస్తారు. రెండు పౌండ్లు ఇచ్చి ఒక చీటీ తీయమంటారు. దాని మీద గుర్రం పేరు ఉంటుంది. శనివారం జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెంలో ఆ గుర్రం గెలిస్తే కవర్లో డబ్బంతా మీది. దీన్ని స్వీప్‌స్టేక్ అంటారు. ఇందులో తెలివికి పనేమీ లేదు, ఉత్త లక్కీ డ్రా. సరదాగా చేరండి. సోమవారం పొద్దున టీ దగ్గర మాట కలపడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ఆ చీటీ తీశాక చాలామందికి బెట్టింగ్ షాపుకు వెళ్లి తామే ఒక గుర్రాన్ని ఎంచుకోవాలని అనిపిస్తుంది. ఇది అలాంటివారి కోసమే. పందెం కాయమని చెప్పడం లేదు. కాసేటట్టయితే మాత్రం ఆ షాపు బోర్డు మీది అంకెలు ఏం చెబుతున్నాయో తెలిసి కాయండి.

మలక్‌పేట రేసులు చూసినవారికి కూడా ఈ పోటీ కొత్తే. అక్కడ చదును నేల మీద పరుగు, ఎక్కువ రేసులు రెండు కిలోమీటర్ల లోపే. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ నాలుగుంపావు మైళ్ల పైన, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. రెండు చుట్లలో 30 కంచెలు దూకాలి. 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి కంచెను స్టార్టింగ్‌కు దగ్గరగా జరిపారు. ఆ ఏడాది 32 గుర్రాలు బయలుదేరితే 21 చివరిదాకా వచ్చాయి. అంతకుముందు ఏడాది 39లో వచ్చినవి 17 మాత్రమే. కాబట్టి మీ గుర్రం గెలుస్తుందా అన్నది రెండో ప్రశ్న. పూర్తిచేస్తుందా అన్నదే మొదటిది.

ముందు ధర, అంటే ఒక్కో గుర్రం మీద షాపు ఇచ్చే పందెపు రేటు సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. బోర్డు మీద 7/1 అని ఉంటే ఒక పౌండుకు ఏడు పౌండ్ల లాభం, మీ పౌండు కూడా తిరిగొస్తుంది. దీన్ని 'సెవెన్ టు వన్' అని పలుకుతారు. అది నిజానికి ఏం చెబుతోందో తెలియాలంటే రెండు అంకెలూ కలపండి. ఏడూ ఒకటీ ఎనిమిది. ఎనిమిదిలో ఒక వంతు అవకాశం, అంటే పన్నెండున్నర శాతం. 33/1 అయితే 34లో ఒక వంతు, మూడు శాతం కూడా లేదు. 7/2 అయితే తొమ్మిదిలో రెండు వంతులు.

ఈ లెక్కలో షాపువాడి వాటా కూడా దాగి ఉంటుంది. బొమ్మా బొరుసూ పందెంలో న్యాయమైన ధర రెండింటికీ 1/1. షాపు రెండింటికీ 10/11 ఇస్తే, ఒక్కోదానికి 21లో 11 వంతులు, అంటే 52 శాతం పైన. రెండూ కలిపితే దాదాపు 105. ఆ వంద దాటిన భాగమే షాపు లాభం. 34 గుర్రాల పోటీలో ఈ అదనం ఇంకా చాలా పెద్దది. అందుకే నేను ఎప్పుడూ ఒకే మాట అడుగుతాను. ఈ ధర ఈ గుర్రానికి ఎంత అవకాశం ఉందని చెబుతోంది, అంతకన్నా ఎక్కువే ఉందని నమ్మడానికి నా దగ్గర కారణం ఏమైనా ఉందా? కారణం కనిపించకపోతే గుర్రం ఎంత గొప్పదైనా ఆ ధరకు వద్దు. ఫేవరెట్, అంటే అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న గుర్రం అయినా అంతే. 2023లో కొరాచ్ రాంబ్లర్ 8/1 ఫేవరెట్‌గా గెలిచింది. కానీ 8/1 ఫేవరెట్ అంటే ఆ ధర ప్రకారమే తొమ్మిదిసార్లలో ఎనిమిదిసార్లు ఓడిపోయే గుర్రం. మరోవైపు 2022లో నోబుల్ యేట్స్ 50/1కి, 2009లో మోన్ మోమ్ ఏకంగా 100/1కి గెలిచాయి.

ఇక గుర్రం సంగతి. పేపర్లోనో యాప్‌లోనో రేస్‌కార్డు తెరిస్తే ప్రతి పేరు పక్కన కొన్ని అంకెలు, అక్షరాలు వరుసగా ఉంటాయి. అవి దాని పాత ఫలితాలు. కుడి చివరన ఉన్నది అన్నిటికన్నా తాజాది. సున్నా అంటే మొదటి తొమ్మిదిలో లేదు. ఎఫ్ అంటే పడిపోయింది, యు అంటే జాకీని కింద పడేసింది, పి అంటే అలిసిపోయో మరెందుకో మధ్యలో ఆపేశారు. చిన్న గీత ఉంటే అక్కడ సీజన్ మారిందని. ఎఫ్‌లు, యులు ఎక్కువగా కనిపిస్తే నేను ఆ గుర్రం జోలికి వెళ్లను. 30 కంచెల పోటీలో దూకడం సరిగా రానిదాన్ని ధర ఎంత ఊరించినా నమ్మలేం.

తర్వాత చూడాల్సింది దమ్ము. మూడు మైళ్లు దాటిన రేసుల్లో గట్టిగా ముగించిందా? డిసెంబర్‌లో ఇదే ఎయింట్రీ కంచెల మీద జరిగే బీచర్ చేజ్, క్రిస్మస్ తర్వాత వెల్ష్ నేషనల్, ఈస్టర్‌కు జరిగే ఐరిష్ నేషనల్ లాంటి వాటిలో రాణించిందా? 2024 విజేత ఐ యామ్ మాక్సిమస్ అంతకుముందు ఏడాది ఐరిష్ నేషనల్ గెలిచినదే. వయసు కూడా చూడండి. ఏడేళ్ల గుర్రం గెలవడం 1940 తర్వాత మళ్లీ 2022లోనే జరిగింది.

బరువు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది హ్యాండిక్యాప్ రేసు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ. బరువును స్టోన్లలో రాస్తారు. ఒక స్టోన్ అంటే 14 పౌండ్లు, దాదాపు ఆరుంపావు కిలోలు. ఇప్పుడు గరిష్ఠం 11 స్టోన్ల 12 పౌండ్లు, జాకీతో జీనుతో కలిపి సుమారు 75 కిలోలు. ఇది ఎంత తేడా తెస్తుందో 1973 రేసు చూస్తే తెలుస్తుంది. క్రిస్ప్ అనే గుర్రం 12 స్టోన్లు మోస్తూ చాలా దూరం ముందు పరుగెత్తింది. చివరి కంచె తర్వాత గమ్యం దాకా దాదాపు 450 మీటర్ల నేల ఉంటుంది, అక్కడ దానికి కాళ్లు ఆడలేదు. 23 పౌండ్లు తక్కువ మోస్తున్న రెడ్ రమ్ వెనకనుంచి వచ్చి ముప్పావు గుర్రం పొడవు తేడాతో గెలిచింది. ఆ వీడియో దొరికితే చూడండి. ఎన్నిసార్లు చూసినా నాకు క్రిస్ప్ మీద జాలి కలుగుతుంది. అయితే 11 స్టోన్లు దాటితే గెలవదన్న పాత మాటను పట్టుకుని కూర్చోకండి. 2024లో ఐ యామ్ మాక్సిమస్ 11 స్టోన్ల 6, 2025లో నిక్ రాకెట్ 11 స్టోన్ల 8 మోసి గెలిచాయి.

జాకీ ఎంపిక కూడా ఒక సూచనే. ఒకే ట్రైనర్‌కు చాలా గుర్రాలుంటే ప్రధాన జాకీ దేనిమీద ఎక్కుతున్నాడో అందరూ చూస్తారు. కానీ 2025లో ట్రైనర్ విలీ మలిన్స్ గుర్రాలే మొదటి మూడు స్థానాలూ తీసుకున్నాయి. ఆయన ప్రధాన జాకీ పాల్ టౌనెండ్ ఎక్కిన ఐ యామ్ మాక్సిమస్ రెండోది. మలిన్స్ కొడుకు పాట్రిక్ ఎక్కిన 33/1 గుర్రం గెలిచింది.

గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి కోడిని అంచనా వేసే అలవాటు మనలో ఉంది. ఇక్కడ జాకీ చొక్కా రంగు యజమానిది, గుర్రం సత్తాకు దానితో సంబంధం లేదు. జె.పి. మెక్‌మానస్ అనే యజమాని ఆకుపచ్చ, బంగారు చారలు ఒకే రేసులో మూడు నాలుగు గుర్రాల మీద కనిపించవచ్చు. వాటిని టోపీ రంగుతో గుర్తుపట్టాలి.

ఈచ్ వే గురించి తెలియకుండా కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. మొదటి ఏడాది నేను స్లిప్పు మీద పది పౌండ్లు ఈచ్ వే అని రాసి పది చేతికిస్తే, ఇరవై అడిగారు. అది ఒకటి కాదు, రెండు పందేలు. ఒకటి గెలుపు మీద, ఇంకొకటి స్థానం మీద, అంటే షాపు చెప్పిన మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద. అయిదు పౌండ్లు ఈచ్ వే అంటే పది పౌండ్ల ఖర్చు. 20/1 గుర్రం మీద, స్థానానికి అయిదో వంతు ధర అనుకుందాం. గెలిస్తే మొత్తం 130 పౌండ్లు చేతికొస్తాయి. గెలవకుండా స్థానంలో మాత్రమే వస్తే 25. అదే 7/1 గుర్రం స్థానంలో వస్తే 12 పౌండ్లే, పెట్టింది పది. అందుకే చిన్న ధరకు ఈచ్ వే దండగ అని నా అభిప్రాయం. ఇలాంటి పెద్ద హ్యాండిక్యాప్‌లో మామూలుగా నాలుగు స్థానాలకు పావు వంతు ధర ఇస్తారు. నేషనల్‌కు షాపులు అయిదు, ఆరు స్థానాలని పెద్ద అక్షరాల్లో రాసి, అయిదో వంతే ఇస్తుంటాయి. స్థానాలెన్ని, వంతు ఎంత, రెండూ చూడాలి.

వారాల ముందే పందెం కాస్తే ధర బాగుండవచ్చు, కానీ గుర్రం బరిలోకి దిగకపోతే డబ్బు పోతుంది. 'నాన్ రన్నర్ నో బెట్' అని ఉంటేనే తిరిగొస్తుంది. తుది జాబితా గురువారం వస్తుంది. నేను గురువారం రాత్రి రెండు మూడు పేర్లు రాసుకుని, శనివారం పొద్దున నేల ఎలా ఉందో చూసి అప్పుడు తేల్చుకుంటాను. వాన పడి నేల 'సాఫ్ట్' అయితే గట్టి నేల మీద మెరిసిన గుర్రానికి కష్టం.

డబ్బు విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. ఎంత పోయినా ఫర్వాలేదో అంతే విడిగా తీసిపెట్టుకోండి. 18 ఏళ్లు నిండాలి, 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో కాయడం కుదరదు. ఇల్లు కొనాలనుకుంటున్నవారు గుర్తుంచుకోండి, లోన్ ఇచ్చేవాళ్లు బ్యాంక్ స్టేట్‌మెంట్లలో బెట్టింగ్ పద్దులు చూస్తారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం కాబట్టి ఊర్లో స్నేహితుల తరఫున మీ ఖాతాలో పందేలు కాయకండి. చెయ్యి ఆగడం లేదనిపిస్తే గామ్‌స్టాప్‌లో నమోదైతే లైసెన్సున్న ఆన్‌లైన్ సైట్లన్నీ మిమ్మల్ని ఆపేస్తాయి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ రేసులో గుర్రాలు గాయపడతాయి, కొన్నిసార్లు చనిపోతాయి కూడా. అందుకే ఆఫీసులో కొందరు చీటీ తీయరు. వాళ్లను బలవంతపెట్టకండి.

రేసు శనివారం సాయంత్రం నాలుగింటికి, ఐటీవీలో చూడవచ్చు. మీ గుర్రం ముందు రాలేదని స్లిప్పు చింపేయకండి. జాకీల బరువు సరిచూసి 'వెయిడ్ ఇన్' అని ప్రకటించాకే ఫలితం ఖాయం, అయిదోదో ఆరోదో వచ్చినా మీ ఈచ్ వే డబ్బు ఆ స్లిప్పు చూపిస్తేనే ఇస్తారు.