కరోనా లాంటి వేవ్ వస్తే మీ ఆపరేషన్ వాయిదా పడొచ్చు, ఇప్పుడే ఇవి చూసుకోండి

కరోనా లాంటిది మళ్లీ వస్తే హైదరాబాద్‌లో ముందు ఆగేవి మోకాలి మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా ఆపరేషన్లే. 2020లోనూ, మళ్లీ 2021 ఏప్రిల్‌లోనూ గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు, మిగతా రోగులు వేరే ఆసుపత్రులు చూసుకోవాల్సి వచ్చింది. మత్తు డాక్టర్లు, ఐసీయూ బెడ్లు, ఆక్సిజన్ అటూ ఇటూ అవే కదా మరి.

అందుకే ఇప్పుడే మీ డాక్టర్‌ని సూటిగా అడగండి: నెల ఆగితే ఏమవుతుంది, మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఆ జవాబు ఓపీ చీటీ మీద రాయించుకోండి. రేపు వరుస మార్చాల్సి వస్తే పనికొచ్చేది ఆ మాటే. ఎందుకంటే ఆగితే ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్లే ముందు వెళ్లాలి, డేట్ ముందు ఎవరికి ఇచ్చారన్నది తర్వాతి సంగతి. క్యాన్సర్ సర్జరీ నాలుగు వారాలు ఆలస్యమైతే చావు ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది, కాబట్టి రొమ్ములో గడ్డ ఉన్నావిడ మీ మోకాలి కంటే ముందుకెళ్తే గొడవ పడకండి. షికాగో యూనివర్సిటీ వాళ్లు అదే ఏడాది 21 అంశాలకు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు: ఆలస్యం వల్ల నష్టం, మందులతో నెట్టుకురాగలమా, ఐసీయూ అవసరమా, ఇలా. మన ఆసుపత్రిలో ఏ పద్ధతి ఉన్నా సరే, అందరికీ ఒకటే ఉండాలి, నిర్ణయం ఒక్క సర్జన్ చేతిలో ఉండకూడదు. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోన్ చేయించుకుంటే మీ పని అవుతుందేమో గానీ, ఆ బెడ్ ఇంకెవరిదో.

వాయిదా వేశారు కదా అని అన్నీ ఓర్చుకుంటూ కూర్చోకండి. హెర్నియా ఉబ్బు లోపలికి వెళ్లకుండా నొప్పి, వాంతులు మొదలైతే ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకి చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అంతే. గర్భసంచిలో గడ్డలతో బ్లీడింగ్ ఎక్కువైతే హిమోగ్లోబిన్ చూపించుకుని, ఇంకా త్వరగా డేట్ ఇవ్వమని అడగండి, అది పైరవీ కాదు.

ఈలోగా షుగర్, బీపీ అదుపులో పెట్టుకోండి, సిగరెట్ మానేయండి, రక్తం పలచబడే మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. డేట్ పోతుందేమోనని టెన్షన్‌తో కోవిడ్ పాజిటివ్ రిపోర్టు దాచేవాళ్లుంటారు, అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. టీకాలు రాకముందు, సర్జరీ సమయంలో కోవిడ్ ఉన్న 1,128 మందిని చూస్తే 23.8 శాతం మంది నెలలోపే చనిపోయారు. ఆగగలిగే ఆపరేషన్ అయితే కోవిడ్ తర్వాత కనీసం ఏడు వారాలు ఆగమని 2021లో నిపుణులు చెప్పింది కూడా అందుకే.

ఇంకోటి, ఫోన్ నంబర్ మారితే వెంటనే చెప్పండి. నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు ఇద్దరి నంబర్లు ఇవ్వడం మంచిది, ఆసుపత్రి వాళ్లు కూడా ఒక్క కాల్ ఎత్తలేదని పేరు కొట్టేయకూడదు. ఆరోగ్యశ్రీ మీద చేయించుకునేవాళ్లు, డేట్ మారితే అనుమతి మళ్లీ తీసుకోవాలా అని ఆరోగ్యమిత్రని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.